బీపీ చూసింది ఎంతమందికి, అదుపులో ఉన్నది ఎంతమందికి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పల్లెకు వెళ్ళి అడిగినా బీపీ, షుగరు పరీక్షలు చేశారనే చెబుతారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపింది, ఏఎన్ఎం చేతికి పట్టీ చుట్టి చూసింది, సచివాలయం దగ్గర శిబిరం పెట్టారు, 104 బండి వచ్చి వెళ్ళింది. అన్నీ నిజమే. సమీక్షా సమావేశాల్లోనూ మొదటి ప్రశ్న ఇదే: ఎంతమందిని స్క్రీన్ చేశారు? ఆ అంకె ఎంత పెరిగినా దానివల్ల ఒక్క పక్షవాతమూ ఆగదు. పట్టీ చుట్టినందుకు రక్తపోటు తగ్గదు కదా. ఆరు నెలల తర్వాత కూడా ఆ మనిషి మాత్ర వేసుకుంటున్నాడా, 140/90 లోపు ఉన్నాడా అన్నదాన్ని బట్టే పథకం పనిచేసిందో లేదో తేలుతుంది.

ఈ రెండో లెక్క తీయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రిజిస్టర్ చాలు. ఉదాహరణకు జనవరి నుంచి మార్చి దాకా ఒక విలేజ్ క్లినిక్‌లో 80 మంది బీపీ రోగులు కొత్తగా నమోదయ్యారనుకుందాం. తర్వాతి మూడు నెలల్లో వారిలో 48 మంది మళ్ళీ వచ్చారు, చివరిసారి చూసినప్పుడు 36 మందికి 140/90 కంటే తక్కువ ఉంది. చాలా చోట్ల 36ను 48తో భాగించి 75 శాతం అదుపులో ఉందని రాస్తారు. 80తో భాగిస్తే వచ్చేది 45 శాతం, అదే సరైన అంకె. రానివాళ్ళను అదుపులో లేనివాళ్ళుగానే లెక్కించాలి. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ పద్ధతిలోనే లెక్క కడుతుంది. లెక్క ఇలా మారిందంటే సిబ్బంది చూపు కూడా మారుతుంది. కొత్త పేర్లు ఎక్కించడం మీదున్న ధ్యాస, రాని 32 మంది ఇళ్ళ మీదికి మళ్ళుతుంది.

కేంద్ర ప్రభుత్వ అసంక్రమిత (ఒకరి నుంచి ఒకరికి అంటని) వ్యాధుల కార్యక్రమం 2010లో మొదలైంది. 30 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సరు, మహిళలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు చేయడం ఇప్పుడు దీని పరిధిలోకి వస్తుంది. దానికి తొలి మెట్టు ఆశా కార్యకర్త ఇంటి దగ్గర నింపే అంచనా పత్రం. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బు చరిత్ర, ఈ ఆరింటికీ మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా క్లినిక్‌కు పంపాలి. 52 ఏళ్ళ రైతుకు వయసు కింద 3, రోజూ చుట్ట తాగుతాడు కాబట్టి 2, మిగతావేవీ అడక్కముందే 5 వచ్చేస్తుంది. ఒక చిన్న పొరపాటు మాత్రం తరచూ జరుగుతుంది. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళకు పరీక్షే అక్కర్లేదని వదిలేస్తారు. మార్కులు వరుస తేల్చడానికే, పరీక్ష మాత్రం అందరికీ చేయాల్సిందే.

నడుము కొలతలోనూ ఇలాంటి తేడానే వస్తుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక, టేపును ఒళ్ళు నొక్కకుండా చుట్టాలి. చీర కుచ్చిళ్ళ మీదుగా చుట్టి రాస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే పెరుగుతాయి. మహిళలకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల దగ్గర గీత ఉంది కాబట్టి ఆ తేడాతోనే మార్కు మారిపోతుంది.

ఇక బీపీ. శిబిరాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎండలో నడిచి వచ్చి, వరుసలో నిలబడి, కుర్చీలో కూర్చున్న మరుక్షణమే పట్టీ చుడితే వచ్చే అంకెకు విలువ లేదు. ముందు ఐదు నిమిషాలు కుర్చీకి వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలమీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఆనాలి, గాల్లో వేలాడితే పై అంకె 10 దాకా పెరుగుతుంది. మాట్లాడుతుంటే ఇంకో 10 పెరగొచ్చు. మన శిబిరాల్లోనేమో పట్టీలో గాలి నిండుతుండగానే పేరు, ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు. అరగంట ముందు నుంచి టీ, చుట్ట, బీడీ తీసుకుని ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. పట్టీ చొక్కా చేతి మీదుగా కాకుండా ఒంటికే తగలాలి. మామూలు పట్టీ దాదాపు 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతి వరకే సరిపోతుంది. అంతకంటే లావు చేతికి అదే చుడితే లేని బీపీ కనిపిస్తుంది. అందుకే ప్రతి క్లినిక్‌లో ఒక పెద్ద పట్టీ ఉండాలి, చాలా చోట్ల ఉండదు.

ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి. 140/90 దాటితే వేరే రోజు మళ్ళీ చూసి నిర్ధారించాలి. 180/110 దాటినవాళ్ళను మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

కొలతలు నిజంగా తీశారో లేదో రిజిస్టరే చెప్పేస్తుంది. డిజిటల్ మిషను ఇచ్చే అంకెల చివర 0 నుంచి 9 దాకా అన్నీ దాదాపు సమానంగా రావాలి. పేజీ నిండా 120/80, 130/80, 140/90 అనే ఉంటే మిషను సంచిలోంచి బయటికి రాలేదని అర్థం. పర్యవేక్షణకు వచ్చే అధికారి ఊరంతా తిరగక్కర్లేదు. రెండు పేజీల్లో చివరి అంకెలు లెక్కపెడితే చాలు.

షుగరు విషయంలో సమస్య వేలి రక్తం చూసే స్ట్రిప్పులతో. డబ్బా మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమ వాటిని పాడుచేస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లో ఇది త్వరగా జరుగుతుంది. మూతను ఒక్కో స్ట్రిప్పు తీయగానే బిగించాలి, డబ్బా తెరిచిన తేదీని పైన పెన్నుతో రాయాలి. రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో పెట్టిన డబ్బాను నమ్మకూడదు. వేలికి పూసిన స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, మామిడిపండు తిన్న చెయ్యి కడుక్కోకుండా చూపించినా అంకె తారుమారవుతుంది. ఏ వేళ చూసినా 140 దాటితే అనుమానించి పంపాలి. పరగడుపున 126, లేదా మూడు నెలల సగటు పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 6.5 శాతం వస్తేనే జబ్బని తేల్చాలి, అదీ మరోసారి చూశాకే.

నిర్ధారణ అయ్యాక మనిషి ఎందుకు జారిపోతాడు? పల్లెల్లో వినిపించే మొదటి కారణం "ఒంట్లో బాగానే ఉంది గదా". రెండోది, మాత్రలు పదిరోజులకే ఇవ్వడం. కూలి మానుకుని నెలకు మూడుసార్లు ఎవరూ రారు. అందుకే 30 రోజుల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. మూడోది, నిల్వ అయిపోవడం. 2,500 జనాభా ఉన్న గ్రామంలో 30 దాటినవారు సుమారు 1,200 మంది అనుకుని, వారిలో నాలుగో వంతుకు బీపీ ఉందనుకుంటే 300 మంది. మొదట ఇచ్చే అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున నెలకు 9,000 కావాలి, అదనపు నిల్వగా ఇంకో 9,000. పోయిన నెల ఎంత ఖర్చయిందో చూసి ఇండెంట్ (మందులు కోరే పట్టిక) పెడితే ఈ అంకె ఎప్పటికీ రాదు. పోయిన నెల మాత్రలు లేక ఖర్చు తగ్గింది కాబట్టి ఈ నెల అవసరమూ తక్కువే అనిపిస్తుంది. రోగుల సంఖ్య మీదనే ఇండెంట్ పెట్టాలి. నాలుగోది, దుష్ఫలితం. అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌తో మొదట్లో కడుపులో తిప్పుతుంది. ముందే చెబితే డాక్టరును అడిగి మార్పించుకుంటారు. చెప్పకపోతే మాత్ర పక్కన పెట్టేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పరు.

జారిపోయినవాళ్ళను తిరిగి తేవడంలో నెల్లూరు జిల్లాకు ఒక పాత బలం ఉంది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోసమ్మ, తోటి మహిళలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. దాని వెనుక అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడులున్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అదే ఊపులో జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టాయి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్ళకే పోయింది. సంఘాలు మాత్రం పోలేదు. సర్కారు ఉత్తర్వు ఇంకో ఉత్తర్వుతో రద్దవుతుంది, నెలనెలా కూర్చునే అలవాటు అంత తేలిగ్గా రద్దు కాదు. సముదాయ ఆధారిత నివారణ అనే మాటకు ఈ జిల్లాలో ఇంతకంటే మంచి నమూనా ఇంకొకటి దొరకదు.

పది, పన్నెండు మంది ఉండే పొదుపు సంఘం నెలసరి సమావేశానికి తేదీ, చోటు ఎప్పుడూ ఖాయమే. ఆ రోజే బీపీ చూసి, నెల మాత్రలు చేతికిస్తే క్లినిక్‌కు ఇంకో ప్రయాణం ఉండదు. అప్పు కంతు ఎవరు కట్టలేదో సంఘానికి తెలిసినట్టే, మాత్రలు ఎవరు తీసుకోలేదో కూడా తెలుస్తుంది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఎవరికి ఏ జబ్బుందో గట్టిగా చదవకూడదు. షుగరు ఉందని తెలిస్తే పెళ్ళి సంబంధం పోతుందని భయపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చీటీల మీద పేరు బదులు నంబరు రాసి, మాత్రలను మూసిన కవరులో ఇస్తే సరిపోతుంది.

ఉప్పు లెక్క కూడా ఈ సమావేశంలోనే చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూను. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఉప్పు తగ్గించండని చెప్పడం కంటే, కిలో ప్యాకెట్ తెరిచిన తేదీని దాని మీదే రాయమనడం మేలు. మొదటి నెల ఎవరికీ ఏ సలహా ఇవ్వకూడదు. కేవలం ప్యాకెట్ ఎన్నాళ్ళకు అయిపోయిందో చూడాలి. నలుగురి ఇంట్లో కిలో ఉప్పు 25 రోజులకు అయిపోతే తలకు రోజుకు 10 గ్రాములు పడినట్టు. రెండో నెల నుంచి ఐదో వంతు తగ్గించాలి. ఒకేసారి సగానికి తగ్గిస్తే కూర చప్పగా ఉందని మొదటి రోజే గొడవ. కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది.

ఈ లెక్కకు అందని ఉప్పు ఇంకా ఉంది. ఆవకాయ, ఎండు చేపలు, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఒడియాలు, బజారు మిక్చరు. ఆవకాయ బరువులో పదో వంతుకు పైగా ఉప్పే ఉంటుంది కాబట్టి 20 గ్రాముల ముద్దలో 2 గ్రాములకు పైనే. చద్దన్నంలో ఊరమిరపకాయ నంజుకునే ఇంట్లో పొద్దున్నే సగం కోటా అయిపోతుంది. ఎండు చేపలను వండేముందు రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే చాలా వరకు దిగుతుంది. ఇస్కపల్లి ఉప్పు కొటార్ల నుంచి వచ్చే కళ్ళుప్పు ఆరోగ్యానికి మంచిదనే నమ్మకం నెల్లూరు వైపు గట్టిగా ఉంది. సోడియం విషయంలో కళ్ళుప్పుకూ మెత్తటి ఉప్పుకూ తేడా లేదు. అయొడిన్ లేకపోవడం ఇంకో నష్టం.

సోడియం తక్కువ ఉండే పొటాషియం ఉప్పును 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సిఫారసు చేసింది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను మినహాయించి. పశ్చిమ ప్రకాశంలో ఈ మినహాయింపే ముఖ్యం. కనిగిరి, పామూరు, పీసీపల్లి వైపు కిడ్నీ రోగులు ఎక్కువ. తమకు జబ్బుందని తెలియనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయకుండా ఆ ప్రాంతంలో ఈ ఉప్పు పంచకూడదు.

ఆ ప్రాంతం గురించి ఇంకొంచెం చెప్పాలి. దర్శి, పొదిలి, కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను వంచే ఫ్లోరోసిస్ మీద దేశంలో వెలువడిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి, 1937లో షార్ట్ బృందం రాసినది, ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. దాదాపు తొంభై ఏళ్ళయినా బోరు నీళ్ళు మారలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. ఇక్కడి ఇళ్ళలో కనిపించేది ఇది: తాగడానికి 20 లీటర్ల ప్లాంటు నీళ్ళ క్యాను, వంటకు బోరు నీళ్ళు. ఐదుగురు మనుషులకు తాగడానికి 15 లీటర్లు, అన్నం, పప్పు, టీలకు ఇంకో 8 లీటర్లు. క్యాను తాగడానికే సరిపోతుంది, అన్నం బోరు నీళ్ళలోనే ఉడుకుతుంది, ఫ్లోరైడ్ మెతుకుల్లోకి ఎక్కుతుంది. నీళ్ళు కాచితే పోతుందనుకోవడం పొరపాటు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో చిక్కబడుతుంది.

ప్లాంటు యజమానులు చూపించే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. అది కరిగిన లవణాల మొత్తం అంకె మాత్రమే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు ప్లాస్టిక్ సీసాలో నమూనా పంపి విడిగా ఫ్లోరైడ్ పరీక్ష అడగాలి. గాజు సీసా వాడకూడదు. వంట నీళ్ళ నమూనా కూడా పంపాలి. ఎవరూ పంపనిది అదే.

ఫ్లోరోసిస్ నొప్పులకూ కిడ్నీకీ మధ్య ఒక పక్కదారి ఉంది. నడుము, మోకాళ్ళ నొప్పికి ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో బిళ్ళలు ఏళ్ళ తరబడి నడుస్తాయి. ఎండలో పనిచేసి నీళ్ళు చాలక ఎండిన ఒంట్లో ఆ మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ ఫ్లోరైడ్‌ను బయటికి పంపలేక ఒంట్లోనే నిలుపుతుంది, నొప్పులు పెరుగుతాయి, సూదులూ పెరుగుతాయి. కాబట్టి ఈ మండలాల్లో బీపీ ఫారంతో పాటు ఇంకో ప్రశ్న ఉండాలి: నెలకు ఎన్ని నొప్పి బిళ్ళలు? కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను చూసే చిన్న పట్టీ పరీక్ష పల్లెలోనే చేయొచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళందరికీ ఏడాదికొకసారి క్రియాటినిన్ తప్పనిసరి. ఎముకల బిగుతు తెలుసుకోవడానికి మూడు తేలిక పనులు చేయించవచ్చు: మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణెం తీయడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతుల్ని తల వెనక్కి చేర్చడం. చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు, డాక్టరుకు చూపించాలని.

చిరుధాన్యాలు తినమనే సలహాకు కూడా ఇక్కడ చిన్న సవరణ కావాలి. జొన్న ఎక్కువగా తినేవాళ్ళలో ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలోనే చెప్పారు. నీళ్ళు బాగుపడ్డాక జొన్న సంగటి సంగతి చూసుకోవచ్చు.

వీటన్నిటికంటే కష్టం మగవాళ్ళను పట్టుకోవడం. పగలు పదింటికి పెట్టే శిబిరంలో కనిపించేది ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. ఇక్కడ క్యాలెండరు మనకు పనికొస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులు మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ ఊళ్ళోనే ఉంటారు. తీర గ్రామాల ఏడాది పరీక్షలన్నీ ఆ రెండు నెలల్లోనే ముగించి, జూన్ రెండోవారంలో వేటకు సరిపడా మాత్రలు చేతికివ్వాలి. పెన్నా డెల్టాలో నాట్ల రోజుల్లో, ఎడగారు (రెండో పంట) కోతల్లో శిబిరం పెడితే కుర్చీలే మిగులుతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పని మారే వేళకే వెళ్ళాలి, అక్కడ బీపీతో పాటు దగ్గు, ఆయాసం, క్షయ కూడా అడగాలి, రాతి ధూళి పీల్చేవాళ్ళకు క్షయ ముప్పు ఎక్కువ. కనిగిరి వైపు నుంచి హైదరాబాదు, బెంగళూరు పనులకు వెళ్ళేవాళ్ళు సంక్రాంతికి వస్తారు. వాళ్ళకు 30 రోజుల నియమం పెట్టుకుంటే వదులుకున్నట్టే. రెండు, మూడు నెలల మాత్రలు, మందు పేరూ మోతాదూ రాసిన చీటీ ఇచ్చి పంపాలి.

చివరగా పొగాకు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, కలిగిరి వేలం కేంద్రాల చుట్టూ ఉన్న పల్లెల్లో పొగాకు మానండనే గోడ రాత కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఆ గోడ కట్టిన డబ్బు కూడా పొగాకుదే కాబట్టి. ఫిన్లండ్‌లోని ఉత్తర కరేలియాకు 1972లో ఇలాంటి చిక్కే ఎదురైంది. గుండెపోటు మరణాలు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న ఆ పాడి ప్రాంతంలో వెన్న తగ్గించమనడం రైతు పొట్ట కొట్టడమే. పెక్కా పుస్కా బృందం గృహిణుల సంఘాలతో వంటలు మార్పించింది, తయారీదారులతో మాట్లాడి కొవ్వు తగ్గించిన సరుకు తెప్పించింది, పాడి రైతులు బెర్రీ పండ్ల సాగుకు మళ్ళేలా ప్రత్యేక పథకం నడిపింది. నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్ళ గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. మన దగ్గర శనగ లాంటి ప్రత్యామ్నాయ పంటలు ఉన్నా, ధర నిలకడ లేకపోతే రైతు మళ్ళీ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ వైపే చూస్తాడు. ఆ నిర్ణయం ఆరోగ్య శాఖ చేతిలో లేదు.

ఆ శాఖ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మంచు తడి ఆరని ఆకు రెలిచే (కోసే) కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులు, తల తిరుగుడు వస్తాయి, చేతొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ఎండ ఎక్కాక పని మొదలుపెట్టడం దానికి మందు. ఆ రోజు వాళ్ళకు తీసిన బీపీని నమ్మకూడదు. రాత్రంతా బ్యారన్ మంట కాచినవాళ్ళదీ అంతే. చుట్ట తాగేవాళ్ళ, ఆకు నమిలేవాళ్ళ నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (రిమ్స్) పంపాలి. టార్చిలైటు, చెక్క పుల్ల ఉంటే చాలు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. వేలం రోజుల్లో రైతులు తమ బేళ్ళ వంతు వచ్చేదాకా ప్లాట్‌ఫాం దగ్గర గంటల తరబడి నీడలో కూర్చుని ఉంటారు, నలభై దాటిన మగవాళ్ళు అంతమంది ఒకేచోట ఇంకెక్కడా దొరకరు. ఒక బల్ల, వీపు ఆనే నాలుగు కుర్చీలు, రెండు సైజుల పట్టీలు, నెల మాత్రలు అక్కడ పెట్టించాలి. ధర తేలకముందే చూడాలి. ధర తేలాక బీపీ వేరుగా ఉంటుంది.